ఇంటేక్, సైలెన్సర్, 18 అంగుళాల చక్రాలు అన్నీ వేశాక నా 86 మునుపటికంటే మందంగా లాగుతోంది, ఎందుకు?

మూడోగేరు
నాది 2013 టయోటా 86, మాన్యువల్. మూడు నెలల్లో వరసగా మూడు పనులు చేయించాను. మొదట ఇంజిన్‌కి గాలి అందించే ఇంటేక్, పెద్ద పైపు ఉన్న పొట్టిది (నూనె రాసే రకం ఫిల్టర్), తర్వాత వెనక సైలెన్సర్, చివర్లో 18 అంగుళాల చక్రాలు, 225/40 టైర్లు. చప్పుడు అదిరిపోతోంది. బండి మాత్రం లాగడం లేదు. 3000 ఆర్‌పీఎమ్ దాటిన దగ్గర్నుంచి 4500 దాకా ఎవరో వెనక బంపర్ పట్టుకుని ఆపుతున్నట్టుంది. మధ్యలో లాగుడు తగ్గే ఆ గుంట ఈ బండికి పుట్టుకతోనే ఉందని తెలుసు, కానీ ఇప్పుడు ఇంకా లోతైంది. నిన్న చెక్ ఇంజిన్ లైట్ కూడా వెలిగింది. ఇంటేక్ అమ్మినవాళ్లు "ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) అక్కర్లేదు, బిగించుకుని నడుపుకోవచ్చు" అన్నారు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

నెలకోసారి ట్రాక్‌కి వెళ్తాను. అక్కడ ఒక మలుపు ఉంది, దాంట్లోంచి మూడో గేరులో బయటికొస్తే సరిగ్గా 3800 దగ్గర ఉంటాను, అంటే గుంట మధ్యలో. రెండో గేరుకి దించితే కొంచెం దూరం పోగానే ఎర్రగీత (ఇంజిన్ ఆర్‌పీఎమ్ హద్దు) తగులుతుంది. ఎటూ కాకుండా పోతోంది. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే సూపర్‌చార్జర్ పెడితే ఈ బాధ తీరుతుందా?

ఎర్రగీత_7400
పెట్టేయ్ బ్రో. నేను పెట్టి రెండేళ్లయింది, మళ్లీ పాత ఇంజిన్ గుర్తుకు రాలేదు.

లాగ్‌లు_చూపించు
ముందు ఆ లైట్ ఎందుకు వెలిగిందో చూడాలి. కోడ్ ఏమిటి? బండి కంప్యూటర్ అంకెలు చదివే ఓబీడీ రీడర్ ఉంటే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ఎంతుందో, ఐఏఎమ్ ఎంతుందో చూసి చెప్పండి. ఈ రెండు అంకెలు లేకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా అది చీకట్లో రాయి విసరడమే.

కాంబర్‌పిచ్చి
చక్రాలు తూచారా?

మూడోగేరు
@లాగ్‌లు_చూపించు కోడ్ పీ0171. ట్రిమ్ ప్లస్ 14 చూపిస్తోంది. ఐఏఎమ్ 0.69. వీటికి అర్థమేమిటో నాకు తెలియదు.
@కాంబర్‌పిచ్చి ఇప్పుడే తూచాను. టైరుతో కలిపి పాత 17 అంగుళాలది 19 కిలోలు, కొత్తది 23.5.

లాగ్‌లు_చూపించు
మీ ప్రశ్నకు సగం జవాబు ఈ అంకెల్లోనే ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

పీ0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది. ఎందుకంటే వచ్చే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ లోపల ఒక వేడి తీగ ఉంటుంది. దాని పక్కనుంచి పోయే గాలి ఆ తీగను ఎంత చల్లబరిస్తే అంత గాలి వచ్చిందని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లెక్క కడుతుంది. ఆ లెక్కకి ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికను కంపెనీ తన పైపు వ్యాసానికి తయారు చేసింది. మీరు పైపు వెడల్పు చేశారు. అంతే గాలి ఇప్పుడు నెమ్మదిగా పోతుంది, తీగ తక్కువ చల్లబడుతుంది, గాలి తక్కువే వచ్చిందని ఈసీయూ నమ్మి పెట్రోలు తగ్గిస్తుంది. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ ఆ లోటు చూసి "ఇంకా పోయి, ఇంకా పోయి" అంటుంది. అలా పోసిందే మీ ప్లస్ 14 శాతం. ఇంతకంటే సరిదిద్దలేనని చేతులెత్తేసినప్పుడు లైట్ వెలిగింది.

ఇక ఐఏఎమ్. ఈ ఈసీయూకి తను వేసే ఇగ్నిషన్ అడ్వాన్స్ (స్పార్క్ ఎంత ముందుగా వేయాలన్నది) మీద ఎంత నమ్మకం ఉందో చెప్పే అంకె అది. 1.0 ఉంటే పూర్తి అడ్వాన్స్ ఇస్తుంది. నాకింగ్ (పెట్రోలు వేళకాని వేళ పేలే చప్పుడు) మళ్లీ మళ్లీ వినిపిస్తే అంకె తగ్గించుకుంటూ పోతుంది. 0.69 అంటే మీ ఇంజిన్ భయపడుతూ నడుస్తోంది. 12.5 కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌కి పెట్రోలు తక్కువ పడితే నాకింగ్ రాక ఏం చేస్తుంది?

ఈ స్థితిలో సూపర్‌చార్జర్ మాట తలపెట్టకండి. పాత ఇంటేక్ ఉంది కదా? తిరిగి బిగించండి. మాఫ్ సెన్సర్ విప్పి, దానికోసమే అమ్మే క్లీనర్ స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. తీగను గుడ్డతోగానీ వేలితోగానీ ముట్టుకోవద్దు. ఫిల్టర్‌కి రాసిన నూనె దానికి పట్టి ఉంటుంది.

స్పానర్_శాస్త్రి
పైవారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క మాట కలుపుతాను. సెన్సర్ తర్వాత ఎక్కడైనా క్లిప్పు వదులైతే కూడా ఇదే కోడ్ వస్తుంది. లెక్కలోకి రాని గాలి అక్కడినుంచి దూరుతుంది కాబట్టి. పాతది బిగించేటప్పుడు రబ్బరు పైపు అంచు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూడండి.

కొత్తబండి22
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. నా బీఆర్‌జెడ్ (86కి సుబారు జంట బండి) ఇంజిన్ స్టార్ట్ చేసి నిలబెడితే బానెట్ కిందనుంచి కీచురాళ్లు అరిచినట్టు చప్పుడు వస్తోంది. ఏదైనా పోయిందా?

బాక్సర్‌మనసు
@కొత్తబండి22 ఏమీ పోలేదు తమ్ముడూ. డైరెక్ట్ ఇంజెక్షన్‌కి పెట్రోలు అందించే హై ప్రెషర్ పంపు చప్పుడు అది. ఈ ఇంజిన్ ఉన్న చాలా బళ్లలో వినిపిస్తుంది. మేమంతా ఆ కీచురాళ్లతోనే కాపురం చేస్తున్నాం. పెట్రోలు మార్చినప్పుడు ఒక్కోసారి చప్పుడు కూడా మారుతుంది.

కాంబర్‌పిచ్చి
ఇక చక్రాల సంగతి. ఒక్కోదానికి 4.5 కిలోలు, నాలుగింటికి 18 కిలోలు పెంచారు. పైగా ఆ బరువు స్ప్రింగుల కింద ఉంది, తిరుగుతోంది. ఇంకో సంగతి ఎవరూ గమనించరు. కంపెనీ ఇచ్చిన 215/45 ఆర్17 టైరు వ్యాసం దాదాపు 625 మి.మీ. మీ 225/40 ఆర్18 వ్యాసం 637. అంటే మీకు తెలియకుండానే ప్రతి గేరూ దాదాపు 2 శాతం పొడవైంది.

ఇదే బండికి 2017లో మాన్యువల్‌లో ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి 4.1 నుంచి 4.3కి మార్చారు, దాదాపు 5 శాతం పొట్టి చేశారు. అది నడిపినవాళ్లందరూ పికప్ పెరిగిందన్నారు. మీరు దానికి ఎదురు దిక్కులో వెళ్లారు.

పాత_పిస్టన్
చక్రాల బరువు గురించి కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నారేమో. లెక్క వేద్దాం. తిరిగే బరువు అంతా అంచు దగ్గరే ఉందనుకున్నా రెట్టింపు బరువుతో సమానం, అంటే 36 కిలోలు. 1250 కిలోల చుట్టుపక్కల ఉండే బండిలో అది 3 శాతం లోపే. పక్క సీట్లో ఒక పిల్లాడిని కూర్చోబెట్టినంత. నేరుగా లాగేటప్పుడు తేడా అంతకన్నా ఉండదు.

కాంబర్‌పిచ్చి
@పాత_పిస్టన్ ఆ 3, గేరింగ్‌లో పోయిన 2, కలిపి 5 శాతం. 200 హార్స్‌పవర్ ఇంజిన్‌లో 5 శాతమంటే 10. ఇంటేక్ వేసి 5 హార్స్‌పవర్ వచ్చిందని సంబరపడే మనం 10 పోతే పట్టించుకోకూడదా? మీరు నేరుగా లాగడం గురించే అంటున్నారు. గతుకులున్న మలుపులో డాంపర్ ఆ బరువును ఆపలేక టైరు ఎగిరెగిరి పడుతుంటే స్టీరింగ్‌లోనే తెలుస్తుంది.

పాత_పిస్టన్
మలుపుల విషయంలో మీతో గొడవ లేదు. ఒప్పుకుంటున్నాను.

ఎర్రగీత_7400
అందరూ కలిసి ఈ మనిషిని స్టాక్ బండికి తీసుకెళ్లిపోతున్నారు. ఆయన అడిగింది గుంట గురించి. పాత ఇంటేక్ పెట్టినా గుంట అలాగే ఉంటుంది కదా.

లాగ్‌లు_చూపించు
@ఎర్రగీత_7400 ఉంటుంది, అబద్ధమెందుకు. ఈ బండిలోని ఎఫ్‌ఏ20 ఇంజిన్ పూర్తి టార్క్ 205 న్యూటన్ మీటర్లు 6400 దాటాక వస్తుంది. దానికి ముందు మధ్యలో కుంగుతుంది. ఇంటేక్, ఎగ్జాస్ట్ పైపుల్లో తిరిగే ఒత్తిడి తరంగాలు ఆ ఆర్‌పీఎమ్‌లో సాయం చేయడానికి బదులు అడ్డం పడతాయి. వాల్వ్ టైమింగ్ అమరిక కూడా అక్కడ కలిసిరాదు. అందుకే గుంటని నిజంగా పూడ్చేవి రెండే. ఒకటి, నాలుగు సిలిండర్ల పైపులూ సమాన పొడవుతో కట్టిన హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే పైపుల గుత్తి). రెండు, దానికి తగ్గట్టు వాల్వ్ టైమింగ్, ఇగ్నిషన్ సరిచేసిన ట్యూన్. వెనక సైలెన్సర్ మారిస్తే గుంట పూడదు, చప్పుడు మారుతుందంతే.

వర్షంలో_జారుడు
సమాన పొడవు హెడర్ వేస్తే సుబారు గుడగుడ రాదు కదా. నాకు ఆ గుడగుడ ప్రాణం. అందుకే నేను అసమాన పొడవుది వేశాను.

బాక్సర్‌మనసు
@వర్షంలో_జారుడు నీది రోడ్డు మీద తిరిగే బండి, నీకు అదే సరి. మూడోగేరుకి కావలసింది 3800 దగ్గర లాగడం. ఆయన సమాన పొడవుదే చూడాలి.

సూపర్‌చార్జర్ గురించి నా మాట. నా ఫ్రెండ్ బండికి సెంట్రిఫ్యూగల్ రకం వేయించాడు. దాంట్లో బూస్ట్ (నెట్టే గాలి ఒత్తిడి) ఆర్‌పీఎమ్‌తో పాటు పెరుగుతుంది. 7000 దగ్గర రాకెట్టే. 3800 దగ్గర అడిగితే పెద్దగా ఏమీ ఇవ్వదు. గుంట గుంటలాగే ఉంది, పైన కొండ మాత్రం ఎత్తు పెరిగింది. రూట్స్ లేదా ట్విన్ స్క్రూ రకం అయితే కిందినుంచే ఇస్తుంది. ఏది పెట్టాలన్నా 12.5 కంప్రెషన్ ఇంజిన్ మీద బూస్ట్ వేస్తున్నామన్నది మర్చిపోకూడదు. ఈ ఇంజిన్‌లో టార్క్ మరీ పెంచితే ముందు వంగేవి కనెక్టింగ్ రాడ్లు. గుర్రాన్ని కొనేముందు దాన్ని కట్టే తాడు చూసుకోవాలి.

ఎర్రగీత_7400
నాది ట్విన్ స్క్రూ. బూస్ట్ తక్కువగానే పెట్టించాను, ట్యూన్ నెమ్మదిగా చేయించాను, పెద్ద ఆయిల్ కూలర్ వేశాను. బాక్సర్‌మనసు అన్న చెప్పిన జాగ్రత్తలన్నీ నేనూ ఒప్పుకుంటాను. "పెట్టేయ్" అని ఒక్క ముక్కలో అనడం తొందరపాటే.

నిదానంగా_వేగం
ఎవరూ బ్రేకుల గురించి, ఆయిల్ గురించి అడగలేదు. ఆయన నెలకోసారి ట్రాక్‌కి వెళ్తున్నారు!

మూడోగేరు గారూ, బ్రేక్ ఫ్లూయిడ్ చివరిసారి ఎప్పుడు మార్చారు? ట్రాక్ మీద ఆయిల్ ఎంత వేడెక్కుతోంది?

మూడోగేరు
ఫ్లూయిడ్ కొన్నప్పటినుంచీ అదే ఉంది. ఆయిల్ వేడి చూపించే సూది ఈ బండిలో లేదు కదా. అయిదో ల్యాప్‌కి పెడల్ కొంచెం మెత్తబడుతుంది, కాసేపు ఆగితే మళ్లీ గట్టిపడుతుంది.

నిదానంగా_వేగం
ఇది చదివితే నాకు చేతులు చల్లబడ్డాయి. దయచేసి మిగతా అన్నింటికన్నా ముందు ఇది చూడండి.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. మీది కొన్నప్పటినుంచీ మార్చని ఫ్లూయిడ్ కాబట్టి మీరిప్పుడు రెండో అంకె మీద నడుపుతున్నారు. కాలిపర్ వేడికి ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నలగదు, బుడగ నలుగుతుంది. అందుకే పెడల్ మెత్తబడుతోంది. చల్లారాక గట్టిపడింది కదా అని ఊరుకోకండి. ఇంకో రెండు ల్యాపులు పోయి ఉంటే పెడల్ నేలకి తగిలేది.

నాకు తగిలింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. నేరుగా ఉండే దారి చివర, నాలుగో గేరులో, పాదం కింద ఏమీ లేదు. మలుపు బయట కంకర పరిచి ఉంది కాబట్టి బతికాను. ఆ రోజు నుంచి ప్రతి సీజన్ ముందు ఫ్లూయిడ్ మారుస్తాను, ట్రాక్ ముందురోజు బ్లీడ్ చేస్తాను (పైపుల్లోని బుడగలు తీసేస్తాను). ప్యాడ్లు కూడా ఎక్కువ వేడి తట్టుకునే రకం వేయండి. రోడ్డు ప్యాడ్ ట్రాక్ వేడికి గాజులా నున్నబడి పట్టు వదిలేస్తుంది.

ఆయిల్ వేడికి సూది లేకపోయినా సెన్సర్ ఉంది. ఓబీడీ నుంచి ఫోన్‌లో చదువుకోవచ్చు.

బాక్సర్‌మనసు
నా బండిలో నాలుగో ల్యాప్‌కి 132 డిగ్రీలు చూశాను. ఆ రోజే బయటికొచ్చేశాను. తర్వాత థర్మోస్టాట్ ఉన్న ఆయిల్ కూలర్ వేసి, ట్రాక్ రోజులకి 5డబ్ల్యూ-30 పోస్తున్నాను. ఇప్పుడు 115 దాటడం లేదు.

పాత_పిస్టన్
కంపెనీ చెప్పింది 0డబ్ల్యూ-20. అది కాదని చిక్కటిది పోస్తే చల్లటి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు పైకి చేరడం ఆలస్యమవుతుంది.

స్పానర్_శాస్త్రి
@పాత_పిస్టన్ 0, 5 అన్నవి చలిలో ప్రవాహానికి గుర్తులు, 20, 30 అన్నవి 100 డిగ్రీల దగ్గర చిక్కదనానికి. మామూలు వాతావరణంలో 0కీ 5కీ మధ్య తేడా అంత పీడించదు. 130 డిగ్రీల్లో 20 నీళ్లలా పలచబడడమే అసలు భయం. రోడ్డు మీద మాత్రమే తిరిగే బండికి 0డబ్ల్యూ-20 చాలు, మార్చాల్సిన అవసరమే లేదు.

అన్నట్టు, మూడోగేరు, మీది 2013 బండి. వాల్వ్ స్ప్రింగుల కోసం 2018లో వచ్చిన రీకాల్ మీ బండి నంబరుకి వర్తిస్తుందా, పని జరిగిందా అన్నది పాత సర్వీసు కాగితాల్లో చూసుకోండి. ఇంజిన్ దించి చేసే పని అది. జరిగి ఉంటే టైమింగ్ కవర్ చుట్టూ సీలెంట్ శుభ్రంగా ఉందో లేదో టార్చ్ వేసి చూడండి.

మూడోగేరు
కాగితాల్లో చూశాను, రీకాల్ పని అయిపోయింది. ఆయిల్ కారడం ఎక్కడా లేదు. ఫ్లూయిడ్ విషయంలో నిదానంగా_వేగం గారికి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఈ నెల ట్రాక్ రద్దు చేసుకున్నాను. పాత ఇంటేక్, పాత చక్రాలు బిగించి, ఫ్లూయిడ్, ప్యాడ్లు మార్చి మళ్లీ వస్తాను.

వర్షంలో_జారుడు
పాత చక్రాలంటే పాత టైర్లేనా? కంపెనీ ఇచ్చిన మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీలా? అవి ప్రియస్‌కి వేసే టైర్లు కదా.

కాంబర్‌పిచ్చి
@వర్షంలో_జారుడు అలా తీసిపారేయకు. చీఫ్ ఇంజినీర్ టెట్సుయా టాడా, ఆయన బృందం కావాలనే ఆ టైరు ఎంచుకున్నారు. తక్కువ వేగంలోనే వెనక చక్రాలు జారాలి, నడిపేవాడికి ఆ జారుడు అర్థమవ్వాలి అని. డ్రైవింగ్ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి గురువు లేదు. నేను మొదటి ఏడాదంతా వాటిమీదే తిరిగాను. పట్టు ఎక్కువున్న టైరు తప్పుల్ని దాచేస్తుంది. ఈ టైరు దాచదు.

అయితే ట్రాక్ టైమ్ కావాలంటే మాత్రం 17 అంగుళాల తేలిక చక్రాలకి మంచి సమ్మర్ టైర్లు వేయడాన్ని మించిన మార్పు లేదు. 245/40 ఆర్17 అయితే వ్యాసం 628 దగ్గరే ఉంటుంది, గేరింగ్ చెడదు. ఆ వెడల్పుకి ఆఫ్‌సెట్ సరిగ్గా చూసుకోవాలి, లేకపోతే లోపల స్ట్రట్‌కి రాసుకుంటుంది.

టైరుతో పాటు అలైన్‌మెంట్. ముందు చక్రాలకి కంపెనీ కాంబర్ (చక్రం నిలువు నుంచి ఒరిగే కోణం) దాదాపు సున్నా. మాక్‌ఫెర్సన్ స్ట్రట్ బండి మలుపులో ఒరిగితే బయటి టైరు నెగెటివ్ కాంబర్ పోగొట్టుకుని బయటి భుజం మీద నిలబడుతుంది. మీ ముందు టైర్ల బయటి అంచు చూడండి, నా మాట నిజమో కాదో అదే చెబుతుంది. కాంబర్ బోల్టులు వేసి ముందు మైనస్ 2 దాకా తెచ్చి, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) సున్నా పెట్టండి. బండి మలుపులోకి తిరిగే తీరే మారిపోతుంది.

పాత_పిస్టన్
రోజూ నడిపే బండికి మైనస్ 2 పెడితే లోపలి అంచు తినేయదూ?

కాంబర్‌పిచ్చి
టో తప్పుగా ఉంటే తింటుంది. టో సున్నా ఉంటే మైనస్ 2 మీద నా టైర్లు సమానంగానే అరిగాయి. అందరూ నింద కాంబర్ మీద వేస్తారు, తినేది టో.

కొత్తబండి22
నేను బండిని బాగా కిందికి దించుదామనుకుంటున్నాను. దించితే కూడా కాంబర్ వస్తుందట కదా?

కాంబర్‌పిచ్చి
@కొత్తబండి22 కొంచెం వస్తుంది, దాంతోపాటు చాలా పోతుంది. స్ట్రట్ బండిని మరీ దించితే కింది ఆర్మ్ పైకి వంగి, రోల్ సెంటర్ (బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బండి బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి జారిపోతుంది. దించాక బండి ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. డాంపర్‌కి ఆడే చోటు తగ్గి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది, అది తగిలిన క్షణంలో టైరు పట్టు వదిలేస్తుంది. ఈ బండి బరువు కేంద్రం ఎలాగూ నేలకి 460 మి.మీ. ఎత్తులోనే ఉంది. దించాలనుకుంటే రెండు సెంటీమీటర్లలోపు ఆపేయ్.

మూడోగేరు
మూడు వారాల తర్వాత వచ్చాను. అంకెలు తెచ్చాను.

పాత ఇంటేక్, శుభ్రం చేసిన మాఫ్, ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు రెండు ట్యాంకులు. ట్రిమ్ ప్లస్ 2కి దిగింది. ఐఏఎమ్ 1.0కి వచ్చి అక్కడే ఉంది. లైట్ మళ్లీ రాలేదు. ట్రాక్ మీద నేరుగా ఉన్న చోట మూడో గేరులో 3000 నుంచి 6000 దాకా ఫుల్ థ్రాటిల్‌తో లాగి, అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు చేసి సగటు తీశాను. పాత చక్రాలకి మారేముందు, ఇంటేక్ తీసేముందు కూడా ఇలాగే కొలిచి పెట్టుకున్నాను.

ఇంటేక్, 18 అంగుళాలతో: 7.9 సెకన్లు.
పాత ఇంటేక్, 17 అంగుళాలతో: 7.3.

కొత్త భాగం ఒక్కటీ వేయకుండా 0.6 సెకన్లు తగ్గింది. ముందు నమ్మలేదు, మళ్లీ కొలిచాను. అదే.

లాగ్‌లు_చూపించు
ఎంత బాగా కొలిచారు! రెండు దిక్కుల్లో సగటు తీయడం వల్ల గాలి, వాలు లెక్కలోంచి పోతాయి. డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) మీద పెట్టినా ఇదే పద్ధతి పాటించండి. ఒక డైనో అంకెను ఇంకో డైనో అంకెతో పోల్చకూడదు. ఒకే డైనో, ఒకే రోజు, ముందు తర్వాత. అలా తీసిన తేడాకే విలువ.

ఎర్రగీత_7400
ఇప్పుడు హెడర్ వంతు అన్నమాట.

స్పానర్_శాస్త్రి
హెడర్ కొనేముందు ఒకటి. ఈ బండిలో పొగను శుభ్రం చేసే మొదటి కాటలిటిక్ కన్వర్టర్ హెడర్‌లోనే ఉంటుంది. కాటలిస్ట్ లేని హెడర్ వేస్తే దాన్ని తీసేసినట్టే. చాలా దేశాల్లో అది రోడ్డు మీద చట్టవిరుద్ధం, పొగ పరీక్షలో పోతుంది, వాసన తలనొప్పి తెస్తుంది. హై ఫ్లో కాటలిస్ట్ ఉన్న సమాన పొడవు హెడర్లు దొరుకుతాయి. లేనిదానితో పోలిస్తే చివర్లో కొన్ని హార్స్‌పవర్ తగ్గుతాయి. గుంట పూడడం మాత్రం దాదాపు అంతే.

వర్షంలో_జారుడు
చాలామంది లేనిదే వాడుతున్నారు. ఏమీ కాలేదు.

స్పానర్_శాస్త్రి
@వర్షంలో_జారుడు వాళ్లకి ఏమీ కాలేదు. వెనక బండివాడి ఊపిరికి అయింది. నేను రోజంతా గ్యారేజీలో ఆ పొగ పీల్చేవాణ్ని, ఈ విషయంలో వెనక్కి తగ్గను.

వర్షంలో_జారుడు
సరే శాస్త్రి గారూ, ఆ మాట మీద నేనేమీ అనలేను.

మూడోగేరు
కాటలిస్ట్ ఉన్నదే తీసుకుంటాను. ట్యూన్ ఎలా? రెడీమేడ్ మ్యాప్ వేసుకోవచ్చా, నా బండికే ప్రత్యేకంగా చేయించాలా?

లాగ్‌లు_చూపించు
మీ దగ్గర ఉన్న భాగాలకి సరిగ్గా సరిపోయే రెడీమేడ్ మ్యాప్ దొరికితే మొదలుపెట్టడానికి తప్పు లేదు. వేశాక లాగ్ తీయడం మాత్రం తప్పదు. ఆర్‌పీఎమ్, మాఫ్, గాలి-పెట్రోలు నిష్పత్తి, నాక్ కరెక్షన్, ఐఏఎమ్, ఇంటేక్ గాలి వేడి. మూడో గేరులో కిందినుంచి పైదాకా ఒక్క లాగుడు, మూడుసార్లు. నాక్ కరెక్షన్ ఒకే ఆర్‌పీఎమ్ దగ్గర మూడుసార్లూ కనిపిస్తే అది నిజమైన నాకింగ్, అక్కడ టైమింగ్ తగ్గించాలి. ఒక్కసారే కనిపిస్తే ఏ గతుకు చప్పుడో అయ్యుండొచ్చు. ఆ లాగ్ చూసి మ్యాప్ సవరించే ట్యూనర్ దూరంగా ఉన్నా ఫర్వాలేదు, ఫైళ్లు పంపుకుంటే పనవుతుంది.

పెట్రోలు రకం మార్చకండి. ఏ పెట్రోలు మీద ట్యూన్ చేశారో అదే పోయాలి.

ఎర్రగీత_7400
ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన పెట్రోలు) దొరికే చోటైతే అది కూడా ఆలోచించొచ్చు. నాకింగ్ బాగా తట్టుకుంటుంది, టైమింగ్ ఎక్కువ ఇవ్వొచ్చు. ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది, ట్యూన్ వేరే కావాలి.

మూడోగేరు
నెలన్నర తర్వాత. సమాన పొడవు హెడర్ (కాటలిస్ట్‌తో), ట్యూన్, నాలుగుసార్లు సవరించిన మ్యాప్. ఐఏఎమ్ 1.0. నాక్ కరెక్షన్ ఎక్కడా పునరావృతం కావడం లేదు. అదే ట్రాక్, అదే పద్ధతి, అదే 17 అంగుళాల చక్రాలు: 6.6 సెకన్లు.

ముందు కాంబర్ మైనస్ 2, టో సున్నా. డాట్ 5.1 ఫ్లూయిడ్, ట్రాక్ ప్యాడ్లు. పదో ల్యాప్‌లో కూడా పెడల్ మొదటి ల్యాప్‌లో ఉన్నంత గట్టిగా ఉంది. ఆయిల్ 124 దాకా పోయింది, అక్కడే ఆపి చల్లార్చాను. తర్వాతి పని కూలరే. 18 అంగుళాలు అమ్మేశాను.

నిదానంగా_వేగం
పెడల్ మాట చదివి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. కూలర్ వచ్చేదాకా ఇలాగే ఆపుతూ నడపండి.

కొత్తబండి22
ఆ లాగ్ ఫైళ్లు ఇక్కడ పెడతారా అన్నా? మంచి లాగ్ ఎలా ఉంటుందో చూసి నేర్చుకుంటాను.

మూడోగేరు
@కొత్తబండి22 ఈ రాత్రికి పెడతాను, పాడైన రోజుల లాగ్‌లు కూడా కలిపి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

కాంబర్‌పిచ్చి
అసలు సంగతి చెప్పలేదు. ఆ మలుపు ఏమైంది?

మూడోగేరు
మూడో గేరులోనే బయటికొస్తున్నాను. 3800 దగ్గర తొక్కితే లాగుతోంది. రెండుకి దించడం మానేశాను.